మూడంగుళముల చట్టము

ఉత్తరప్రదేశమునందలి రాంపూరు పట్టణములో 2023వ సంవత్సరము మార్చి నెలయందు ఒక కూడలిలో ఇరువది యడుగుల చాకును నిలువబెట్టిరి. ఆ పట్టణమునకు దేశమంతట పేరు తెచ్చిన మడతచాకునకు అది ప్రతిమ. అధికారులు బహిరంగముగా దానిని ఆవిష్కరించిరి. కూడలికి చాకు పేరే పెట్టిరి. అచ్చటికి ఢిల్లీ నగరము రెండువందల కిలోమీటర్ల లోపుననే యున్నది. ఆ ప్రతిమకు మూలమైన చాకును రాంపూరు బజారులో కొని, జేబులో వేసికొని, ఢిల్లీలో బస్సు దిగిన మనుష్యుని జేబు తడవి, అలుగు మూడంగుళములున్నదను కారణమున ఠాణాకు గొనిపోవుటకు పోలీసువారు చూపు గెజెటు ప్రకటన యొకటి కలదు. ఇరువది యడుగుల చాకునకు జరిగిన మర్యాద మూడంగుళముల చాకునకు జరుగదు.

ఇది నవ్వి యూరకుండదగిన సంగతి కాదు. ప్రతిదినము జేబున మడతచాకు నుంచుకొనువారు మన దేశమున అసంఖ్యాకులు. సంచుల కుట్లు కోయు హమాలీ, విద్యుత్తీగెల తొడుగు చెక్కు పనివాడు, త్రాళ్లు తెగగోయు లారీ క్లీనరు, పండ్లబండివాడు, తోటమాలి – వీరికి చాకు ఆయుధము కాదు; పదునొకండవ వ్రేలు. వీరు గాక ఇటీవల మరియొక తెగవారు బయలుదేరిరి. చదువుకొన్న యువకులు, ఉద్యోగస్థులు, పడమటి దేశముల వేడుక చూచి, గడియారమును చేతిరుమాలును ఉంచుకొన్నట్లే పెద్ద మడతచాకును నిత్యము ధరింప వలెనని ముచ్చటపడుచున్నారు. ఎంత పెద్దది మేలు, ఏ ఉక్కు మేలు, ఏ బిగింపు మేలు అని వీరిలో వీరికి పెద్ద చర్చలే జరుగుచున్నవి.

ఈ వేడుక అమెరికాలో ముదిరినది. అక్కడ బక్ అను కంపెనీవారు 1964లో విడుదల చేసిన 110 సంఖ్యగల మడతచాకు వేటగాండ్రను, రైతులను, వడ్రంగులను ఒక్కుమ్మడిగ నాకర్షించెను. దాని అలుగు మూడుముప్పాతిక యంగుళములు. తెరచినప్పుడు వెన్నున నున్న బందు బిగిసి అలుగు కదలకుండ నిలుచును. 1981లో స్పైడెర్కో అను మరియొక కంపెనీవారు చాకు పిడికి ఒక పట్టీ తగిలించి, జేబంచునకు కలమువలె గ్రుచ్చుకొనునట్లును, అలుగున గుండ్రని రంధ్రము తొలిచి ఒంటిచేతి బొటనవ్రేలితో తెరచునట్లును చేసిరి. నాటినుండి చాకు జేబు అడుగున పడియుండు వస్తువు గాక, అంచున కనబడు అలంకారమైనది. పెద్దదానిని ధరించుట పౌరుషముగ నెంచువారును బయలుదేరిరి.

పెద్ద చాకును మెచ్చువారి మాటలలో కొంత సత్యము లేకపోలేదు. మడతచాకు నిర్మాణము తెలిసినవారికి ఇది సులభముగ బోధపడును. అలుగు పిడిలోనికి ముడుచుకొని పోవలెను గదా. కావున పిడి యెంతయో అలుగు అంతకు కొంచెము తక్కువ. నాలుగు వ్రేళ్లును నిండుగ పట్టవలెనన్న పిడి నాలుగంగుళములకు తగ్గరాదు. మోటు చేతులవారికి, తొడుగులు వేసికొని పనిచేయువారికి ఇంకను కావలెను. అంత పిడిలో ముడుచుకొను అలుగు తనంతట తానే మూడంగుళములు దాటుచున్నది. రెండు వ్రేళ్లకే అందు చిన్న పిడితో మందమైన త్రాటిని కోయబోయిన వాని చేయి జారుట, వ్రేలు తెగుట సామాన్యము. బందుగల చాకును కోరుటకును ఇదియే కారణము. బందులేని చాకు గట్టి వస్తువును ఎదుర్కొన్నప్పుడు వెనుకకు మడిగి, పట్టినవాని వ్రేళ్లమీదనే పడును. పనివాని చేతికి రక్షణమైన రెండు గుణములు – నిండు పిడియును గట్టి బందును – చట్టము కంటికి దోషములుగ కనబడుచున్నవి. మా యభిప్రాయమున ఈ వివాదమంతయు ఇక్కడనే పుట్టుచున్నది.

చట్టమునకు ఈ అనుమానము ఎట్లు కలిగెనో చూడవలెను. రాంపూరు చాకు వట్టి పనిముట్టుగ పేరు పొందినది కాదు. నవాబుల కాలమునుండి ఆ యూరి కమ్మరులు దీనిని చేయుచు వచ్చిరి. తొమ్మిదంగుళములు మొదలు పండ్రెండంగుళములవరకు పొడవు గల చాకులు వారి చేతినుండి వెలువడుచుండెను. మీట నొక్కిన తెరచుకొనునవి కొన్ని. పండ్లచక్రము గలిగి, తెరచునప్పుడు కటకట ధ్వని చేయునవి కొన్ని. ఆ ధ్వనియే సగము పని చేయుచుండెను. 1960, 1970 దశకముల హిందీ చలనచిత్రములలో దుష్టపాత్రలు దీనిని చేతబట్టి నిలువని చిత్రము అరుదు. 1965 నాటి 'వక్త్' చిత్రమున రాజ్‌కుమార్ చాకు చూపినవానిని పరిహసించు సన్నివేశమును నేటికిని ప్రేక్షకులు చెప్పుకొందురు. ఇట్లు చాకు రౌడీతనమునకు గురుతైనది. 1990 దశకములో ఉత్తరప్రదేశ ప్రభుత్వము నాలుగున్నర యంగుళములు మించిన అలుగుగల చాకుల తయారీని నిషేధించినది. కమ్మరులు కొద్దిమందియే మిగిలిరి. తండ్రితాతల పని విడిచిపోయినవారి కూడలియందే చాకు ప్రతిమ వెలసినది.

రాంపూరులో నాలుగున్నర యంగుళముల చాకు చేయుట నేరము కాదు. ఢిల్లీలో మూడంగుళములకే అనుమానము. నడుమ నున్న యంగుళమున్నరలో, చేసినవాడు నిర్దోషి, కొన్నవాడు దోషి. 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద 1962లో వచ్చిన నియమములను చూతుమా, వానిలో తొమ్మిదంగుళముల పొడవునో రెండంగుళముల వెడల్పునో మించిన కత్తులే మారణాయుధములలో చేర్చబడినవి. గృహకృత్యములకు, వ్యవసాయమునకు, శాస్త్రపరిశోధనకు, పరిశ్రమకు ఉద్దేశించినవి వేరు చేయబడినవి. ఒకే దేశము, ఒకే చాకు, మూడు కొలతలు.

ఆయుధముల చట్టమన్న తెలుగువారికి క్రొత్త మాట కాదు. 1878లో లిట్టన్ ప్రభువు రాజప్రతినిధిగా నున్నప్పుడు దేశీయుల చేతినుండి ఆయుధములను తీసివేయుటకు ఆ శాసనము చేసిరి. తుపాకులతోపాటు కత్తులు, బాకులు, ఈటెలు, విండ్లు, అమ్ములు గూడ అందులో చేరెను. తెల్లవారికి మాత్రము మినహాయింపు లుండెను. 1887లో మదరాసున జరిగిన కాంగ్రెసు మహాసభ ఈ శాసనమును సవరింప వలెనని తీర్మానించినది. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమికహక్కులను ప్రకటించుచు, నియమములకు లోబడి ఆయుధము నుంచుకొను హక్కును వానిలో చేర్చినది. 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు కామత్‌గారు ఇట్టి హక్కునే రాజ్యాంగమున చేర్ప వలెనని సవరణ ప్రతిపాదించిరి. అంబేద్కరుగారు అంగీకరింపలేదు, సవరణ వీగిపోయినది. ఆ నిర్ణయమును మేము తప్పుపట్టబోము. దేశవిభజన నెత్తుటి మరకలు ఆరని దినములవి. సిక్కుల కృపాణమునకు మాత్రము రాజ్యాంగపు 25వ అధికరణమున స్థానము దొరకినది.

హక్కు దొరకలేదు సరే. పాత శాసనపు కాఠిన్యమైన తొలగునని ఆశ యుండెను. 1959 నాటి బిల్లు ఉద్దేశములను చెప్పు పత్రములో, కత్తులు ఈటెలు విండ్లు మొదలగువానిని ఆయుధముల నిర్వచనమునుండి తప్పించుటయు ఒక ఉద్దేశముగా చెప్పబడినది. చట్టమై వచ్చునప్పటికి 4వ సెక్షను వెనుకవాకిలివలె నిలిచినది. ఒక ప్రాంతపు పరిస్థితులను బట్టి అవసరమని తోచినచో, తుపాకులు కాని ఆయుధములకు గూడ ఆ ప్రాంతమున లైసెన్సు కావలెనని ప్రభుత్వము ప్రకటింపవచ్చును. ఆ వాకిటినుండియే ఢిల్లీలో చాకు మరల చట్టములోనికి వచ్చినది.

1980 నాటి ఢిల్లీ ప్రకటన చెప్పునదేమనగా: మీటతో తెరచుకొనునవి, పండ్లచక్రము గలవి, స్ప్రింగుతో పనిచేయునవి, మరి యే యంత్రసాధనముచేత నైనను తెరచుకొనునవి లేక మూసికొనునవి యగు చాకులలో, అలుగు పొడవు 7.62 సెంటీమీటర్లును వెడల్పు 1.72 సెంటీమీటర్లును లేక అంతకు మించియు నున్నవి కట్టుబాటునకు లోబడును. 7.62 సెంటీమీటర్లనగా సరిగ మూడంగుళములు. కొలత దేశీయమైనను కొలబద్ద అంగుళములదే. 'మరి యే యంత్రసాధనము' అను మాటల విస్తారము చూడగా, మూయుటకు బందు నొక్కవలసిన సామాన్యమైన పనిచాకు వీని పరిధిలోనికి రాదని ధైర్యముగ చెప్పగల వకీలు అరుదు. అట్టి చాకు దగ్గర నున్నంతమాత్రమున నేరమగునా, అమ్మకమునకో పరీక్షకో ఉంచుకొన్నప్పుడే నేరమగునా యను ప్రశ్న న్యాయస్థానములకు పోవలసి వచ్చినది. వ్రాసినవారి యభిప్రాయమేమో నలువదియేండ్ల పిమ్మట గూడ వాదింపవలసి వచ్చు ప్రకటనను, చదువురాని హమాలీ తెలిసికొని నడచుకొనవలెనట!

ఇట్టి కేసులు ఎవరిమీద పడునో ఊహింపవచ్చును. మోటారుకారు పెట్టెలో ఖరీదైన అమెరికా చాకు నుంచుకొన్న పెద్దమనుష్యుని ఎవ్వరును తడవరు. రాత్రివేళ కాలినడకను పోవు కూలివానిని, రైలుస్టేషనువద్ద పండుకొన్న పరదేశిని తడవుదురు. పట్టుకొన్న పోలీసే ఫిర్యాది; అతని జతగాడే సాక్షి. బజారు నడుమ పట్టుకొన్నను స్వతంత్రుడగు సాక్షి యొక్కడును లేకపోవుటను తప్పుపట్టి కేసులను కొట్టివేసిన తీర్పులు ఢిల్లీ కోర్టులలో కొల్లలు. కొట్టివేయుటకు ముందు ఆ మనుష్యుడు ఎన్ని వాయిదాలకు తిరిగెనో, ఎన్ని దినముల కూలి పోగొట్టుకొనెనో తీర్పులో ఉండదు. నేరము స్థిరపడినచో, న్యాయాధిపతి ప్రత్యేక కారణములు వ్రాసి తగ్గించిన తప్ప, సంవత్సరమునకు తగ్గని ఖైదు.

మన పోలీసువారు మాత్రమే ఇట్లు చేయుదురని తలపరాదు. న్యూయార్కు నగరమున ఇదే నాటకము అరువదియేండ్లు జరిగినది. చేతి విదలింపుతో తెరచుకొని బిగిసిపోవు చాకు నుంచుకొనరాదని 1958లో వారు శాసనము చేసిరి. ఏ చాకు అట్లు తెరచుకొనునో నిర్ణయించుటకు ఒకటే పరీక్ష: పోలీసువాడు మణికట్టు విదలించి చూచుట. బలశాలి విదలించిన తెరచుకొనును. మరియొకడు విదలించిన తెరచుకొనదు. సామానుల దుకాణములలో బహిరంగముగ అమ్ము మడతచాకులను కొని పనికి పోవు కూలివాండ్రు వేలకొలది అరెస్టయిరి. వారిలో అత్యధికులు నల్లజాతివారును, లాటిను అమెరికా సంతతివారును. ఒక వంటవాడు పట్టుబడి, నేరమునకు గురియై, పట్టువిడువక ఫెడరలు న్యాయస్థానమునకు పోయెను. 2019 మార్చిలో న్యాయాధిపతి ఆతని పక్షమున తీర్పు చెప్పి, ఆతని విషయమున ఆ శాసనము అస్పష్టము, రాజ్యాంగవిరుద్ధము అని పలికెను. మే నెల ముగియునప్పటికి శాసనసభ చేసిన రద్దుబిల్లుపై, అంతకుముందు ఇట్టి ప్రయత్నములను త్రోసిపుచ్చిన గవర్నరే సంతకము చేసెను. చాకుతో పొడిచినవానికి శిక్ష అక్కడ ఇప్పటికిని కలదు. మణికట్టు పరీక్ష మాత్రము పోయినది.

ఇంగ్లాండు మార్గము వేరు. 1988 నాటి వారి శాసనము ప్రకారము, మూడంగుళములు మించని అలుగుగల మడతచాకును ఎవ్వరైనను కారణము చెప్పకుండ జేబున ఉంచుకొనవచ్చును. అంతకు మించినచో తగిన కారణము చూపవలెను. వృత్తి, మతము, జాతీయవేషము తగిన కారణములని శాసనమే చెప్పుచున్నది. బందుగల చాకును మాత్రము మడతచాకుగ అంగీకరింపరాదని అక్కడి న్యాయస్థానము 1993లో నిర్ణయించినది. వ్రేళ్లను కాపాడు బందు అక్కడను దోషమేయైనది! ఐనను కారణము చెప్పుకొను వాకిలి తెరచియున్నది. ఢిల్లీలో మూడంగుళములనుండి అనుమానము మొదలగుచున్నది. లండనులో మూడంగుళములవరకు స్వేచ్ఛ యున్నది. కొలత యొకటే, దాని పని తలక్రిందులు.

అట్లని ఇంగ్లాండులో కత్తిపోట్లు తగ్గినవని మేము చెప్పుట లేదు. అక్కడి పట్టణములలో పసివాండ్రు పసివాండ్రను పొడుచు వార్తలు పత్రికలు చదువువారందరు ఎరుగుదురు. గాయపడినవారికి చికిత్స చేసిన వైద్యులే 2005లో ఒక వైద్యపత్రికయందు, వంటయింటి పొడుగుకత్తులకు మొన ఎందులకని ప్రశ్నించిరి. వారి ప్రశ్నలో లోతు కలదు. పొడువ దలచినవానికి జేబుచాకు అక్కరలేదు. ప్రతి గృహమునను కూరగాయల కత్తి యున్నది.

ఇక ఆత్మరక్షణ మాట. 2013 జనవరిలో బొంబాయియందు శివసేన పక్షమువారు స్త్రీలకు వేలకొలది చిన్న చాకులు పంచిపెట్టిరి. ఢిల్లీలో ఒక విద్యార్థినిపై జరిగిన దారుణమునకు దేశమంతయు ఉడికిపోవుచున్న దినములవి. ఆ కోపమును మేమును పంచుకొంటిమి. కాని చాకులు పంచుట తమ కర్తవ్యమును స్త్రీల చేతిసంచిలో వేసి చేతులు దులుపుకొనుట వంటిదని నాడును అనిపించెను, నేడును అనిపించుచున్నది. మడతచాకు సంచి అడుగునుండి తీయవలెను, తెరువవలెను, పట్టు చిక్కించుకొనవలెను. మీదపడినవాడు అంతవరకు ఆగునా? బలవంతుడు దానిని లాగికొన్నచో ఆమె చాకు ఆమెకే గొడ్డలి యగును. ఆత్మరక్షణ హక్కును 2023 నాటి భారతీయ న్యాయ సంహిత పాత శిక్షాస్మృతివలెనే గుర్తించుచున్నది. చేత దొరకిన వస్తువుతో తన్ను తాను కాపాడుకొన్న స్త్రీకి ఆ హక్కు అండగా నిలుచును. నిత్యము పెద్ద చాకు ధరింపుమని మాత్రము అది చెప్పదు.

పెద్ద చాకు వేడుకగల యువకులకును ఈ మాటయే చెప్పవలసియున్నది. నాలుగంగుళముల అలుగుతో మీరు చేయు పని యేమి? వచ్చిన పార్సిలు విప్పుట, జామపండు కోయుట. మా యెరుకలో ఒక యుద్యోగి ఏడాది పొడుగున పెద్ద చాకు ధరించి, దానితో కోసినది తపాలా కవరులు మాత్రమేనని తానే ఒప్పుకొనెను. మన గీతకార్మికుడు తాటిచెట్టెక్కునప్పుడు నడుమున ధరించు కత్తిని చూడుడు. ఎంత పదునైనదో! అది ఎవ్వరిని బెదరింపదు. దాని నెవ్వరును ప్రదర్శింపరు. చెట్టు దిగి పని ముగిసిన పిమ్మట అది తన చోట ఉండును. మాటకు మాట పెరిగిన సారాదుకాణము ముంగిట, సినిమాటిక్కెట్ల తోపులాటలో, జేబున చాకు లేనివాడు పిడికిలితో పోవును. ఉన్నవాడు హత్యతో పోవును. చాకు పెద్దదైనకొలది ఆ ప్రమాదమును పెద్దది. వేడుకకై ధరించువారు ఈ లెక్క వేసికొనవలెను.

కాని యువకునకు చెప్పవలసిన బుద్ధి వేరు, కూలివానికి వేయు ఖైదు వేరు. మొదటిదాని పేర రెండవదానిని సమర్థింప వీలులేదు. ఢిల్లీ ప్రకటనను తిరుగ వ్రాయవలెనని మేము కోరుచున్నాము. అలుగు పొడవు ఒక్కటే నేరము కారాదు. ఆ చాకు ఆ చోట, ఆ వేళ ఎందులకు తెచ్చెనో ప్రభుత్వము రుజువు చేయవలెను. వృత్తికై ధరించువారిని చట్టమున పేర్కొని విడువవలెను. వ్యవసాయమునకు మినహాయింపు ఉన్నప్పుడు పట్టణపు పనివాడు చేసిన పాపమేమి? బందును, పిడిని దోషములుగ నెంచు మాటలను తొలగింపవలెను. బడియొద్ద, మద్యపుదుకాణమువద్ద, ఊరేగింపులలో పెద్ద చాకు పట్టుకొని తిరుగువానిని నిలదీయుటకు మా కభ్యంతరము లేదు. ఆయుధములు లేక శాంతముగ గుమిగూడుటయే మన రాజ్యాంగమిచ్చిన హక్కు.

సాక్ష్యము విషయమున క్రొత్త చట్టమొకటి ఇప్పటికే దారి చూపినది. 2024 జులై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను, సోదాను, స్వాధీనము చేసికొనుటను దృశ్యశ్రవణ సాధనములతో నమోదు చేయవలెనని విధించుచున్నది. హత్యకేసులకు, లంచపు కేసులకు పరికరములు తెచ్చుకొన్న ఠాణాలు, కూలివాని జేబునుండి చాకు తీసినప్పుడు గూడ అదే పరికరమును తెరువవలెను. చాకు జేబునుండియే వచ్చెనో, ఠాణా బల్లసొరుగునుండి వచ్చెనో చిత్రమే చెప్పును. చిత్రములేని చాకుకేసును విచారణకు స్వీకరింపనొల్లమని మెజిస్ట్రేటులు నిలిచినచో సగము కేసులు పుట్టకముందే పోవునని మా నమ్మకము.

ఈ మార్పునకు పార్లమెంటు ప్రత్యేకముగ సమావేశము కానక్కరలేదు. 1980లో ఒక ప్రకటన చేసిన చేతులే మరియొక ప్రకటనతో దానిని సవరింపగలవు. ఢిల్లీ పరిపాలకులును, కేంద్ర హోంశాఖవారును ఆ కాగితమును మరల తీసి చదువ వలెను. చదువునప్పుడు బల్లమీద కాగితములు కోయుటకు వారుంచుకొన్న చాకు పొడవును గూడ ఒకమారు కొలిచి చూతురుగాక.